కందెన కోరని రబ్బరు

ప్రశ్న: మాది సోంపేట. హైదరాబాదులో సినిమా షూటింగులకు తిప్పిన పాత కేరవాన్‌ను రెండేళ్ల క్రితం కొని, బారువ, కళింగపట్నం తీరాలకూ, అరసవల్లి, శ్రీకూర్మం క్షేత్రాలకూ వచ్చే కుటుంబాలకు అద్దెకు ఇస్తున్నాను. బండి ఆగాక మోటారుతో పక్కకు జరిగే గది ఒకటి దానికి ఉంది. ఆ గది చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండిపోకూడదని మా డ్రైవరు నెలకోసారి కొబ్బరినూనె రాస్తున్నాడు. గది బిగుసుకున్నట్లు అనిపించినప్పుడు గ్రీజు కూడా పూశాడు. అయినా మొన్నటి వానలకు పై మూల నుంచి నీరు దిగి పరుపు తడిసిపోయింది. రబ్బరు మెత్తగానే ఉంది, కొన్నిచోట్ల కాస్త ఉబ్బింది కూడా. మొత్తం మార్చాలా?

జవాబు: మీ డ్రైవరుది మంచి మనసే గాని, వేసిన మందు తప్పు. బండి ఇరుసుకు కందెన, తలుపు బందులకు నూనె, పగిలిన మడమలకు కొబ్బరినూనె అని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన మనకు, ఎండినట్లు కనిపించే రబ్బరుకు కూడా ఏదో ఒక జిడ్డు పట్టించాలని అనిపిస్తుంది. అయితే ఈ గదుల చుట్టూ వాడే బీడింగు చాలావరకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో తయారవుతుంది. సహజ రబ్బరును గాలిలోని ఓజోన్ కొన్నాళ్లకే పగుళ్లు బారేలా చేస్తుంది. ఈపీడీఎం మాత్రం ఎండనూ, ఓజోన్‌నూ ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. అది ఓర్వలేనిది పెట్రోలియం జిడ్డును. ఇథిలీన్, ప్రొపిలీన్ వాయువుల నుంచి పుట్టిన ఆ రబ్బరు, తన జాతికే చెందిన గ్రీజు, ఇంజన్ ఆయిల్, కిరసనాయిలు, వ్యాజలీన్ వంటివి తగిలితే వాటిని పీల్చుకుని ఉబ్బి, పట్టు కోల్పోతుంది. తుప్పు పట్టిన బోల్టులను వదులు చేయడానికి వాడే స్ప్రేలు కూడా ఎక్కువగా ఈ కోవలోవే. మీరు చెప్పిన ఉబ్బు గ్రీజు పూసిన మేరకే ఉందేమో చూడండి. నా అనుమానం అదే.

కొబ్బరినూనె చేసే చెరుపు వేరు. అది తీరంలోని ఇసుకను పట్టి ఉంచుతుంది, గది జరిగిన ప్రతిసారీ ఆ ఇసుక గరుకు కాగితంలా రబ్బరునూ, గది పైకప్పు రంగునూ కలిపి గీస్తుంది. పుష్యమాసపు ఉదయాల్లో సీసాలో పేరుకున్నట్లే రబ్బరు మీద కూడా తెల్లగా పేరుకుంటుంది.

ఇక నీరు దిగిన సంగతి. మీ బీడింగును దగ్గరగా చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి లోపల బోలుగా ఉండే గొట్టం. గది పూర్తిగా జరిగినప్పుడు అది నలిగి సందు మూస్తుంది. రెండోది నాలుకలా సాగిన పల్చటి అంచు. అద్దం తుడిచే వైపరు మాదిరిగా అది గది పైకప్పునూ, పక్కలనూ తుడుస్తుంది. గది బయటికి వచ్చాక ఆ నాలుక కొస బయటి వైపు తిరిగి ఉండాలి. జిడ్డు వల్లనో, ధూళి వల్లనో ఎక్కడైనా జానెడు మేర లోపలికి మడత పడిందంటే, వాన నీటికి మనమే కాలువ తవ్వి ఇచ్చినట్లు. నిచ్చెన వేసుకుని ఒకసారి మూలల దగ్గర చూడండి. మడత ఉంటే గదిని నాలుగైదు అంగుళాలు లోపలికి లాగి మళ్లీ బయటికి పంపితే చాలాసార్లు అదే సరిపోతుంది. సరిపడకపోతే ఐస్‌క్రీమ్ పుల్ల వంటి మొండి కొసతో మెల్లగా బయటికి తిప్పాలి. స్క్రూడ్రైవరు మాత్రం పెట్టవద్దు. ఆ తర్వాత గొట్టం సంగతి చూడండి: రబ్బరుకూ అంచుకూ మధ్య పోస్టుకార్డు వెడల్పు కాగితం ముక్క పెట్టి గదిని పూర్తిగా జరిపాక లాగితే, కాగితం పట్టి పట్టి రావాలి. సులువుగా జారి వచ్చిన చోట రబ్బరు ఆనడం లేదని అర్థం.

ఇప్పుడు చేయవలసిన పని ముందుగా జిడ్డు వదిలించడం. గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొన్ని చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో రెండు మూడు విడతలుగా తుడవండి. చాకలిసోడా, బ్లీచింగు, పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానీయకండి. కడగడానికి ఉప్పుబోరు నీరు కాకుండా మంచినీరు వాడి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక రబ్బరుకు పనికివస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న, పెట్రోలియం ద్రావకం కలవని సిలికాన్ స్ప్రేను గుడ్డ మీద చల్లి, పల్చగా పట్టించండి. అది పొడిగా ఆరిన తర్వాతే గదిని కదపాలి. మీ ఊళ్లో అది దొరకకపోతే, టైరులో ట్యూబు వేసేటప్పుడు చల్లే పౌడరు చల్లినా రబ్బరు అతుక్కోకుండా ఉంటుంది. నా మటుకు నేను మూడు నెలలకోసారి సిలికాను, తీరంలో బస చేసి వచ్చిన ప్రతిసారీ మంచినీటి కడుగుడు అనే లెక్కకే కట్టుబడి ఉంటాను.

మొత్తం మార్చవలసిన అవసరం లేదనే అనుకుంటున్నాను. గొట్టాన్ని బొటనవేలితో నొక్కి వదిలినప్పుడు వెంటనే లేచి నిలబడితే దానికి ఇంకా ప్రాణం ఉంది. నొక్కిన చోటే పడి ఉన్నా, గ్రీజు తగిలిన చోట సాగిపోతున్నా ఆ వైపు పట్టీని మార్చడమే మంచిది. పాత దానిలో బెత్తెడు ముక్క కోసి దుకాణానికి పట్టుకెళ్లి, అడ్డుకోత ఆకారం సరిగ్గా కలిసేదే తీసుకోండి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది అతికించేటప్పుడు దానిని లాగకండి. నేను విజయనగరంలో పని కొత్తగా చేస్తున్న రోజుల్లో ఒక వ్యాను తలుపుకు బీడింగును బిగువుగా లాగి అంటించి, ఎంత నున్నగా కుదిరిందో అని మురిసిపోయాను. నెల తిరగకుండా రబ్బరు తన అసలు పొడవుకు కుంచించుకుపోయి, మూల దగ్గర వేలు పట్టేంత సందు తేలింది. ఆ పని మళ్లీ ఉచితంగా చేసిపెట్టవలసి వచ్చింది. ఇంకొక మాట, కదిలే రబ్బరు మీది పగుళ్లను ట్యూబు సీలెంటుతో పూడ్చకండి. అది నాలుగు రోజుల్లో చిరుగుతుంది, ఆ తర్వాత ఆ చోట వేరే జిగురేదీ పట్టదు.

ప్రశ్న: ఇటువంటి గది ఉన్న బండినే విజయనగరంలో మా పెరట్లో నాలుగు నెలలు కదపకుండా ఉంచాలి. గది తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా?

జవాబు: మూసే ఉంచండి. అయితే ఒకే భంగిమలో నెలల తరబడి నలిగిన రబ్బరు ఆ ఆకారానికే అలవాటు పడిపోతుంది కనుక, నెలకోసారి గదిని పూర్తిగా బయటికి తీసి, పూటసేపు అలా వదిలి, మళ్లీ లోపలికి పంపండి. లోపలికి పంపే ముందు పైకప్పు మీది వేపాకూ, మామిడి పూతా ఊడ్చాలి. లేకపోతే అవి నాలుక కింద చిక్కుకుని అక్కడే కుళ్లుతాయి. తుపాను హెచ్చరిక వస్తే గది తెరిచి ఉన్న బండిలో ఎవరూ పడుకోవద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని చూసినవారికి, అంతటి గాలివానను ఆపడం ఏ రబ్బరు తరమూ కాదని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పక్షులను చూడటానికి బండి చింతచెట్ల కింద ఆపాం. రబ్బరు మీద రెట్టలు గట్టిపడిపోయాయి. ఎలా తీయాలి?

జవాబు: గోరుతో గీకితే రబ్బరు పైపొర లేచిపోతుంది. తడిగుడ్డను పావుగంట వాటి మీద పరిచి, నానిన తర్వాత తుడిచేయండి. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి ఇంటికి వచ్చేదాకా ఆగకుండా అక్కడే, ఆ పూటే ఆ పని చేయండి. మరుసటిసారి బండిని చెట్లకు నాలుగు బారల దూరంలో ఆపి, నడిచి వెళ్లండి.