తెలియనివాళ్లతో స్క్వాడ్ కట్టకు తమ్ముడూ

తమ్ముడూ, స్నేహితుడు హైదరాబాద్ వెళ్లిపోయాక పలాసలో ఒక్కడివే వీడియో గేమ్‌లు ఆడుతుంటే విసుగొస్తోందని, తెలియనివాళ్లతో స్క్వాడ్‌లో, అంటే ఆన్‌లైన్ జట్టులో, దిగితే మైకులో బూతులు తిడుతున్నారని రాశావు. తప్పు నీది కాదు. ముందు ఆ వాయిస్ చాట్ మ్యూట్ చేసెయ్.

నీదీ, నీ స్నేహితుడిదీ ల్యాప్‌టాప్‌లే అన్నావు కదా, 2021లో వచ్చిన ‘ఇట్ టేక్స్ టూ’ చూడు. ఇద్దరుంటేనే నడిచే ఆట అది. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా చేరొచ్చు. విజయనగరంలో మా ఇంట్లో నేనూ చెల్లీ ఒకే టీవీ ముందు, తెర రెండు భాగాలయ్యే స్ప్లిట్ స్క్రీన్‌లో ఆడాం. ఆటలో నేను గోడకి మేకు విసరాలి, చెల్లి దానికి సుత్తి తగిలించి ఊగి అవతలికి దూకాలి. నా మేకు ఆలస్యమైన ప్రతిసారీ పాపం కింద పడేది. అయినా ఒక్క మాట అనలేదు, "మళ్లీ వెయ్యన్నయ్యా" అనేది. నీకు కావాల్సింది అలాంటి తోడు.

ఒంటరిగా ఆడటం కూడా లోటేం కాదు. పొలం సాగుచేసుకునే ఆట ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని ఎరిక్ బారోన్ ఒక్కడే తయారుచేశాడు. 2016లో వచ్చింది, కలిసి ఆడే వీలు 2018లో చేరింది. వారమంతా నీ పొలం నువ్వు తీరిగ్గా చూసుకో. ఆటలోని వడ్రంగి రాబిన్ చేత ఒక క్యాబిన్ (చిన్న ఇల్లు) కట్టించి ఉంచు, ఆదివారం అదే పొలంలోకి నీ స్నేహితుణ్ణి పిలవొచ్చు. ఈ రాత్రే వాడికి ఫోన్ చెయ్యి.