బస్సుకు ఛార్జీ, ఆటోకు కిరాయి, జీపుకు బాడుగ: ఈ మాటల మధ్య నిజంగా తేడా ఉందా?

ఛార్జీ, కిరాయి, బాడుగ ఒకే అర్థమిచ్చే మాటలేనా, ఆఫీసులో పెట్టే ప్రయాణ బిల్లులో వీటిలో ఏది రాయాలి అన్నవి మీ ప్రశ్నలు. నాది నంద్యాల ప్రాంతం. ఉద్యోగం హనుమకొండలో మొదలై తరవాత అమలాపురానికి మారింది. ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో, ఊళ్ళు తిరిగే సిబ్బంది పెట్టుకునే బిల్లులను సరిచూడడమే చాలాకాలం నా పని. అందువల్ల ఈ మాటలన్నీ మూడు ప్రాంతాల చేతిరాతల్లో నా బల్ల మీదికి వచ్చాయి. నేను గమనించినంతలో వీటి మధ్య తేడా ఉంది: మనిషికి ఇంత అని లెక్కకట్టి తీసుకునేది ఛార్జీ, బండి మొత్తాన్ని మాట్లాడుకుని ఇచ్చేది బాడుగ లేదా అద్దె. తెలంగాణలో కిరాయి అన్న మాట మాత్రం ఈ రెండు పనులూ చేస్తుంది.

ఇది వాడుకలో ఏర్పడిన తేడాయే అయినా చట్టంలోనూ దీనికి సరిగ్గా సరిపోయే విభజన కనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక్కొక్క ప్రయాణికుడి పేరున విడివిడిగా డబ్బు తీసుకుంటూ, మొత్తం దూరానికో, మధ్యలోని కొన్ని మజిలీలకో మనుషులను చేరవేసేది స్టేజ్ క్యారేజ్. మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు ఆ కోవలోదే. బండి మొత్తానికి ఒప్పందం కుదుర్చుకుని నడిపేది కాంట్రాక్ట్ క్యారేజ్. పెళ్ళికి మాట్లాడుకున్న మినీ బస్సు, ఆసుపత్రికి పిలిపించుకున్న ట్యాక్సీ ఇందులోకి వస్తాయి. పల్లెల్లో ‘స్టేజీ దగ్గర దిగు’ అంటాం కదా, ఆ స్టేజీ కూడా ఈ లెక్కలోదే. దారిని స్టేజీలుగా విడగొట్టి, ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంతో ముందే పట్టిక వేసి ఉంచుతారు. టికెట్టు మిషన్లు రాకముందు కండక్టరు స్టేజీ స్టేజీకి ఎస్సార్ కాగితం, అంటే అప్పటిదాకా అమ్మిన టికెట్ల లెక్క, నింపేవాడు. చెకింగు వాళ్ళు ఎక్కితే ముందు చూసేది దాన్నే.

రేటును ప్రభుత్వం నిర్ణయిస్తే ఛార్జీ, ఇద్దరూ బేరమాడుకుంటే కిరాయి అని కొందరు చెబుతారు. అది సగమే నిజం. మీటరు ఆటో రేటునూ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, అయినా మీటరు మీద తిరిగిన డబ్బును ఎవరైనా ఆటో ఛార్జీ అనే కంటే ముందు ఆటో కిరాయి అనే అంటారు, ఎందుకంటే అక్కడ ఒక్కరు ఎక్కినా ముగ్గురు ఎక్కినా బండికి ఒకటే లెక్క. కాబట్టి అసలు తేడా తలకా, బండికా అన్న దగ్గరే ఉంది. షేర్ ఆటో దగ్గర ఈ తేడా చెదిరిపోతుంది: బండి ఆటోయే, వసూలు మాత్రం తలకింత. అక్కడ జనం ఈ మాటలేవీ వాడకుండా ‘మనిషికి ఎంత?’ అని అడిగి ఎక్కేస్తారు. నా దగ్గరికి వచ్చిన బిల్లుల్లోనూ ‘షేర్ ఆటో, మనిషికి పది’ అనే ఉండేది. దాన్ని నేనెప్పుడూ దిద్దలేదు, అంతకంటే స్పష్టంగా రాయడం ఎవరికీ సాధ్యం కాదు.

కిరాయి అరబ్బీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. నిజాం పాలనలో ఉర్దూ పాలనాభాష కావడం వల్ల తెలంగాణలో ఇంటింటి మాట అయింది. హనుమకొండలో ఇల్లు కిరాయికి తీసుకుంటారు, బస్సు కిరాయి పెరిగిందంటారు, ట్రాక్టరును కిరాయికి పిలుస్తారు. డ్రైవర్ల నోట దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. ‘పొద్దుగాల్నుంచి ఒక్క కిరాయి రాలే’ అని ఆటో డ్రైవరు అన్నప్పుడు కిరాయి అంటే డబ్బు కాదు, ఒక ట్రిప్పు. మా నంద్యాల వైపు బాడుగకు కూడా ఈ రెండో అర్థం ఉంది. ‘జీపు బాడుగకు పోయింది’, ‘మహానందికి బాడుగ తగిలింది’ అంటారు. బాడుగ సంస్కృతంలోని భాటకానికి చుట్టం, కన్నడంలో బాడిగె కూడా అదే. అయితే సీమలో బస్సెక్కిన మనిషి కండక్టరును బాడుగ ఎంత అని అడగగా నేను వినలేదు. అక్కడ టికెట్టు ఎంత అనో, ఛార్జీ ఎంత అనో అడుగుతారు. తేడాను గట్టిగా పాటించేది సీమ వాడుకే అని నా అభిప్రాయం. సొంత ఊరి మీద మమకారం అనుకున్నా అభ్యంతరం లేదు.

గోదావరి జిల్లాల్లో పని చేసినప్పుడు ఎదురైన పాతమాట కేవు. రేవు దాటించినందుకు పడవవాడికి ఇచ్చే సొమ్ము అది. సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి దాటిన సిబ్బంది బిల్లులో ‘రేవు టికెట్టు’ అని రాసేవారు. కేవు అన్న మాట పెద్దవాళ్ళ నోట తప్ప కాగితం మీద రాలేదు. ఏరు దాటిందాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత ఉండనే ఉంది కదా, డబ్బు ముందే తీసుకోవడం పడవవాళ్ళకు మంచిదే.

ఇక ఛార్జీ. ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటకు మూలార్థం బండికి బరువు ఎక్కించడం. ఫోను ఛార్జింగు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి, ఛార్జిషీటు అన్నీ దాని సంతానమే. ఛార్జీ సరిగ్గా వసూలు చేయని కండక్టరుకు ఛార్జిషీటు ఇస్తారు, ఆ రెండూ ఒకే మాట అని ఆ క్షణంలో అతనికి చెప్పడం మాత్రం మంచిది కాదు. తెలుగులో ప్రయాణానికి వాడేటప్పుడు దీన్ని ఎక్కువగా బహువచనంలోనే వాడతాం: ఛార్జీలు పెంచారు, ఛార్జీలకు డబ్బులిచ్చారు, రానుపోను ఛార్జీలు ఇస్తామన్నారు. రానుపోను ఛార్జీలు అంటే రెండు వైపులా బండ్లకు అయిన ఖర్చు మాత్రమే. దారిలో తాగిన టీ, తిన్న భోజనం కలిస్తే అది దారిఖర్చు. ఈ రెంటినీ ఒకే మొత్తంగా ‘ఛార్జీలు’ అని రాసిన బిల్లులను నేను వెనక్కి పంపేవాణ్ణి, దాంతో నాకు పెద్దగా స్నేహితులు మిగల్లేదు.

రైలు దగ్గర ఈ మాట మరికాస్త చిక్కుపడుతుంది. ఇంగ్లీషులో ఫేర్ వేరు, దాని మీద పడే ఛార్జీలు వేరు; తెలుగులో రెంటికీ ఛార్జీయే. సూపర్‌ఫాస్టు బండిలో స్లీపరు టికెట్టు కొంటే దూరాన్ని బట్టి వచ్చే అసలు ఛార్జీ మీద రిజర్వేషనుకు 20 రూపాయలు, సూపర్‌ఫాస్టుకు 30 రూపాయలు కలుస్తాయి. ఏసీ తరగతుల్లోనైతే 5 శాతం జీఎస్‌టీ కూడా ఉంటుంది. తీరా ప్రయాణం మానుకుంటే క్యాన్సిలేషను ఛార్జీ అని మరొకటి కోస్తారు, అంటే ప్రయాణం చేయకపోయినందుకూ ఛార్జీ ఉందన్నమాట. అందుకే రైలుకు బిల్లు పెట్టేటప్పుడు విడివిడిగా రాయకుండా టికెట్టు మీదున్న మొత్తాన్నే వేసి, టికెట్టును జతచేయండి.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. బస్సు, రైలు, మెట్రోలకు ఛార్జీ అని రాయండి. ఆటో, ట్యాక్సీలకు తెలంగాణలోనైతే కిరాయి, మిగతా చోట్ల అద్దె లేదా బాడుగ అని రాసి, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందీ, తిరుగు ప్రయాణం కలిసిందో లేదో పక్కనే రాయండి. బండి ఖాళీగా వెనక్కి రావాలి కనుక వెనకటి దూరానికి కూడా కలిపి అడగడం డ్రైవర్లలో మామూలే. ఆ మాట బిల్లులో లేకపోతే, దూరానికి మించిన మొత్తం చూసి లెక్కలవాళ్ళకు అనుమానం వస్తుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఇదే విషయం మరో రూపంలో నా ముందుకు వచ్చింది. మహిళా ఉద్యోగులు బిల్లుకు జీరో టికెట్టు జతచేసి, మామూలుగా అయ్యే ఛార్జీని రాసేవారు. ఛార్జీ లేకుండా పోలేదు, ప్రభుత్వం వాళ్ళ తరఫున కడుతోంది; స్టేజ్ క్యారేజీకి ఇచ్చిన నిర్వచనంలో ‘ప్రయాణికుడు గాని, అతని తరఫున గాని చెల్లించే’ అన్న భావం ఉండనే ఉంది. అయితే సంస్థ తిరిగి ఇచ్చేది ఉద్యోగి జేబులోంచి పోయిన డబ్బును కనుక, ఛార్జీల పద్దు కింద ఆ మొత్తాన్ని ఆమోదించలేకపోయాను. మీ సంస్థ కిలోమీటరుకు ఇంత అని ప్రయాణ భత్యం ఇచ్చేటట్లయితే లెక్క మారుతుంది. భత్యం ఖర్చుతో నిమిత్తం లేకుండా వచ్చేది, జీరో టికెట్టు మీద తిరిగినవారికీ అందులో హక్కు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో ప్రయాణించేవారికీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి బిల్లు రాయకముందే మీ సంస్థ నిబంధనల్లో ఛార్జీ అని ఉందా, భత్యం అని ఉందా చూసుకోండి.