పాఠకుల ప్రశ్నలు - జవాబులు: ఖాళీ ఇల్లు, నీరెండ, సీతాఫలం

ప్రశ్న (ఒక పాఠకురాలు, దేవరకొండ): గ్రంథాలయంలో దొరికిన ఒక అనువాద నవలను రెండు రోజుల్లో చదివేశాను. లండన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న అమ్మాయి, చనిపోయిన మేనత్త తన పేరిట రాసిపెట్టిన పాత రాతి ఇల్లు చూసుకోవడానికి ఇటలీలోని టస్కనీ పల్లెకు వెళుతుంది. ఆ ఇంటికి సున్నం వేయిస్తూ, పక్క ద్రాక్షతోట ఆసామి కొడుకుతో ప్రేమలో పడుతుంది. కథంతా ఎండే, ఒక్క చినుకు పడదు. హాయిగానే చదివాను గాని, పుస్తకం మూసిన తరువాత ఒక సందేహం పట్టుకున్నది. ఆ చుట్టుపక్కల కొండకొకటి చొప్పున అన్ని ఇళ్ళు ఖాళీగా ఎందుకున్నాయి? మా వైపు తాళం పడిన ఇల్లు కనబడితే, ఆ ఇంటివాళ్ళు బొంబాయికో భీవండికో పోయారని అర్థం. మరి అక్కడివాళ్ళు ఎక్కడికి పోయారు?

జవాబు: నవల దాటవేసిన ప్రశ్ననే మీరు పట్టుకున్నారు. అక్కడివాళ్ళు కూడా పనులు వెతుక్కుంటూనే పోయారు. టస్కనీలో కొన్ని వందల ఏళ్ళు సాగిన సేద్యపు పద్ధతిని మెద్జాద్రియా అంటారు. ఆ మాటలోనే ‘సగం’ ఉన్నది. భూమి, ఇల్లు ఆసామివి, రెక్కల కష్టం రైతు కుటుంబానిది, పండిన గోధుమలలోను, వైన్‌లోను, ఆలివ్ నూనెలోను చెరి సగం. మనం పాలుకు చేయడం అంటామే, దాదాపు అదే. అయితే అక్కడ ఇల్లు కూడా ఒప్పందంలో భాగమే కాబట్టి, ఆసామికి కోపం వస్తే చేనుతో పాటు గూడు కూడా పోయేది. ఎన్ని చేతులుంటే సేద్యం అంత సాగుతుంది కనుక అన్నదమ్ముల సంసారాలన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. ఇంట్లో ఎవరికైనా పెళ్ళి చేయాలంటే ఆసామి అనుమతి తీసుకోవాలన్న షరతు కూడా ఆ ఒప్పందాలలో ఉండేది. మీ నవలా నాయిక ఎవరినీ అడగకుండా మనసిచ్చిన ఇల్లు అలాంటిదన్నమాట.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, ముఖ్యంగా 1950లలోను, 60లలోను, పిల్లలు సగం పాలుకు ఒళ్ళు వంచడం మానుకున్నారు. కొందరు దగ్గరలోని ఫ్లారెన్స్‌కు, బట్టల మిల్లులున్న ప్రాతోకు చేరుకున్నారు. మరికొందరు కార్ఖానాల పనికి ఉత్తరాది పట్టణాల దారి పట్టారు. 1964లో చేసిన చట్టం కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోవడాన్ని నిషేధించింది. మిగిలిన పాత ఒప్పందాలను మామూలు కౌలుగా మార్చుకునే దారిని 1982 నాటి చట్టం చూపింది. అప్పటికే ఎన్నో ఇళ్ళు తాళాలు పడి, పెంకులు జారి ఉన్నాయి. వాటిని చవకగా కొని బాగు చేయించుకున్న వారిలో ఇంగ్లండు వాళ్ళు, జర్మనీ వాళ్ళు చాలా మంది. నాయిక మేనత్త వారిలో ఒకరై ఉంటుంది.

ఆ ఇళ్ళలో చాలా వాటికి కింది అంతస్తు పశువుల కొట్టం. మనుషులు పైన ఉండేవారు. నవలలో నాయిక ఇటుక కమానుల కింద కూర్చుని చల్లగా ఉందని మురిసిపోయే ముందుగది ఒకనాడు ఎడ్లను కట్టేసిన చోటు కావచ్చు. ఇక కొండ మీది ఆసామి భవంతిని అనువాదకులు ‘బంగళా’ అన్నారో ‘విల్లా’ అన్నారో గాని, ‘గడీ’ అని రాసి ఉంటే మాత్రం నల్లగొండ పాఠకులకు వెన్నెల రాత్రి విందు కంటే ముందు వెట్టి గుర్తుకు వచ్చేది. రెండూ ఒకటేనని నేననడం లేదు; వెట్టిలో పాలు అన్న మాటే లేదు. అయినా ఆ మెట్ల మీద కూర్చుని ప్రేమ ముచ్చట్లు చెప్పుకోవడానికి మన వాళ్ళు కాస్త తటపటాయిస్తారు.

ఇంత చెప్పినందుకు ఆ నవలను తక్కువ చేసినట్లు అనుకోకండి. హాయి కోసం చదవడంలో తప్పు లేదు, నేనూ చదువుతాను. సున్నం వేయడానికి వచ్చిన ముసలి మేస్త్రీ ఆ ఇంట్లోనే పుట్టిన వాడై, కొట్టంలో ఏ ఎద్దు ఏ మూలన ఉండేదో చూపించి ఉంటే, అదే ప్రేమకథ మరింత బాగుండేదని మాత్రం నా అభిప్రాయం.

ప్రశ్న (ఒక పాఠకుడు, మిర్యాలగూడ): ఈ ఇటలీ ప్రేమకథలలో ఎండను చూసి మనుషులు అంత పరవశించి పోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఎండలో ఏమున్నది?

జవాబు: మే నెల మధ్యాహ్నం మిర్యాలగూడ బస్టాండులో నిలబడిన వారికి ఆ నవ్వు రావడం న్యాయమే. జూలైలో ఫ్లారెన్స్ పగటి వేడి సగటున 31, 32 డిగ్రీలు. మనకు మే నెలలో 43 దాటిన రోజును ఎవరూ వింతగా చెప్పుకోరు. పైగా అక్కడ ఆ నెలలో రాత్రి తొమ్మిది కావస్తుండగా గాని పొద్దు గుంకదు కాబట్టి, భోజనాల బల్ల దగ్గర కూడా వెలుతురు ఉంటుంది. ఏడాదిలో చాలా నెలలు మబ్బు కిందనే గడిపే లండన్ అమ్మాయికి అది వరం. మన ప్రేమకథలకు వాన ఎలాగో, వాళ్ళ వాటికి ఎండ అలాగ. అనువాదకులు ప్రతి చోటా ‘ఎండ’ అని రాయకుండా, సాయంత్రపు ఘట్టాలలోనైనా ‘నీరెండ’ అని రాసి ఉంటే మీకు ఇంత నవ్వు వచ్చేది కాదు.

ప్రశ్న (ఒక యువ పాఠకుడు, జడ్చర్ల): ఇటలీ పల్లె నేపథ్యంగా తెలుగులో ఒక ప్రేమ నవల రాయాలని ఉన్నది. నేను ఆ దేశం చూడలేదు. ఫొటోలు చూసి రాయవచ్చునా?

జవాబు: రాయవచ్చును గాని, ఫొటోలకు నెలలు తెలియవు. టస్కనీలో గోధుమ కోతలు జూన్ చివర, జూలైలో. పొద్దుతిరుగుడు పూత కూడా ఇంచుమించు అప్పుడే. ద్రాక్ష కోత సెప్టెంబరులో ఊపందుకుంటుంది. ఆలివ్ కాయలు దులిపేది అక్టోబరు, నవంబరులలో. విరబూసిన పొద్దుతిరుగుడు చేను పక్కన నాయకుడి చేత ద్రాక్ష గెలలు కోయించారంటే, వ్యవసాయం తెలిసిన పాఠకులు అక్కడే పుస్తకం మూసేస్తారు. పైగా కోతల వేళ అతనికి ప్రేమించే తీరిక ఉండదు. ఒక్క పూట ఆలస్యమైనా గెల మీద వాన పడుతుందేమోనన్న బెంగ ఉంటుంది. ఆ బెంగ రాయగలిగితే రాయండి.

మీ బాలానగర్ గుట్టల సీతాఫలం గురించి ఎందుకు ఆలోచించలేదో నాకు అర్థం కాలేదు. అది కూడా సెప్టెంబరు నుంచే మొదలవుతుంది. తెల్లవారక ముందే గుట్టెక్కి, కండ్లు విచ్చుకుని నడుమ తెల్లదనం తేలిన కాయలనే ఏరి, గంపలో ఆకులు పరిచి, రోడ్డు పక్కకు మోసుకొచ్చే వాళ్ళను మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. కోసిన కాయ మూడు నాలుగు రోజుల్లో పండుతుంది; ఆ మీదట ఆగదు. హైదరాబాదులో ఉన్న అమ్మాయికి అబ్బాయి గంప పంపిస్తే, ఆ కాయలు మెత్తబడే లోపు ఆమె జవాబు రావాలి. మొదటి అధ్యాయం పూర్తి చేసి మాకు పంపించండి.