టెక్ సందేహాలు: నోట్సుకు ధర పేజీల లెక్కన కట్టకండి

కెమెరాలు, బ్యాటరీల ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. చేతిలో విద్య ఉంది, దాన్ని పీడీఎఫ్‌గానో వీడియోలుగానో మార్చారు. ఇక ఎంతకు అమ్మాలి, ఎలా అందించాలి అన్నదే సమస్య.

ప్రశ్న: బాలాజీ కాలనీలో ఉంటాను, గణితం లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ పరీక్ష కోసం 420 పేజీల నోట్సు, 70 వీడియోలు తయారు చేశాను. చవకగా ఉంటే ఎక్కువమంది కొంటారు కదా అని మొత్తం కలిపి రూ.199 పెడదామనుకుంటున్నాను. సరిపోతుందా?

సరిపోదు మాస్టారూ. మీరు ధర తక్కువ పెట్టారు, సరుకు ఎక్కువ పెట్టారు. రెండూ పొరపాటే. రెండోది ఇంకా పెద్దది.

ముందు ధర. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మీ ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే రుసుము సాధారణంగా 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ. రూ.199లో పోయేది రూ.4.70. రూ.699 అయితే రూ.16.50. ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. అసలు ఖర్చు మీ ఫోను మోగడంలో ఉంది. ‘లింకు తెరుచుకోవడం లేదు సార్’, ‘డబ్బు పోయింది, ఫైలు రాలేదు’, ‘ఫోను మార్చాను, మళ్లీ పంపండి’. రూ.199 ఇచ్చినవారూ ఇలాగే ఫోను చేస్తారు, రూ.1,999 ఇచ్చినవారూ ఇలాగే చేస్తారు. మనిషికి పట్టే శ్రమ ఒకటే అయినప్పుడు, అతి తక్కువ ధర పెట్టడమంటే అతి ఎక్కువమందికి చాకిరీ చేయడానికి ఒప్పుకోవడమే. పైగా రూ.199 ఫైలును కొన్నవారు కూడా తెరవరు. ఫోనులో ఎక్కడో పడి ఉంటుంది, అంతే.

ఇక సరుకు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది, జూన్ మొదటి వారంలోనే పరీక్షలు మొదలయ్యాయి. అభ్యర్థి చేతిలో ఉన్నది నెలన్నర. ఆ నెలన్నరలో అతనికి 420 పేజీలు కనబడితే ధైర్యం రాదు, దిగులు వస్తుంది. అతను కొనేది పేజీలను కాదు. ‘ఈ రోజు ఏం చదవాలి, ఏది వదిలేయవచ్చు’ అని తేల్చి చెప్పే మీ అనుభవాన్ని. అందుకే 420 పేజీల నుంచి 45 రోజుల ప్రణాళిక తీయండి: రోజుకు ఐదారు పేజీలు, ఒక వీడియో, పది లెక్కలు. మిగిలినదంతా అనుబంధంగా వెనక ఉంచండి. పేజీలు తగ్గించి ధర పెంచమంటే మీకు మనసొప్పదని తెలుసు. కానీ ఏరడానికి ముప్పై ఏళ్ల బోధన కావాలి. రాసిందంతా కుప్ప పోయడానికి అదేమీ అక్కర్లేదు.

ఎలా విడగొట్టాలి? నేనైతే ఇలా చేస్తాను. త్రికోణమితి వంటి ఒక్క అధ్యాయం మాత్రమే కావాలన్నవారికి రూ.149. మొత్తం ప్రణాళిక, వీడియోలతో కలిపి రూ.699. దానికి తోడు ప్రతి ఆదివారం మీరే కూర్చుని సందేహాలు తీర్చే బృందం రూ.1,999. ఈ మూడోదానికి పాతికమందే, ఎందుకంటే మీరు ఒక్కరే. లెక్క చూడండి: 25 మంది రూ.1,999 చొప్పున ఇస్తే రూ.49,975. రూ.199 ధరకు ఆ సొమ్ము రావాలంటే 252 మంది కావాలి. అయినా ఎక్కువమంది మధ్యదే కొంటారు. పైన రూ.1,999 కనబడుతుంటే రూ.699 పెద్దగా అనిపించదు. కొనేవారి మనసు లెక్క అది. మూడూ నిజంగా పనికొచ్చేవే అయినంతవరకు ఇందులో మోసం లేదు.

ఉచితంగా ఏం ఇవ్వాలని కూడా అడిగారు. విషయసూచిక, ముందుమాట ఇచ్చి నమూనా అనకండి. అందరూ భయపడే అధ్యాయం ఏదో మీకు తెలుసు, దాన్ని పూర్తిగా ఇచ్చేయండి. అది అర్థమైనవారు మిగిలినవి వెతుక్కుంటూ వస్తారు. ‘జీవితకాలం అందుబాటు’ అని మాత్రం రాయకండి. వీడియోలు ఉంచే చోటుకు ఏటేటా అద్దె కట్టేది మీరు. పరీక్ష ముగిసిన నెల వరకు అని రాస్తే చాలు.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ వేస్తాం. సహజ రంగుల తయారీ మీద వీడియో కోర్సు చేశాను. టెలిగ్రామ్‌లో ఎవరైనా పెట్టేస్తారని భయం. పాస్‌వర్డ్ పెడితే ఆగుతుందా? విదేశాల నుంచి కూడా అడుగుతున్నారు, డబ్బు ఎలా తీసుకోవాలి?

పాస్‌వర్డ్ ఆపదమ్మా. ఫైలు పంపినవారే పాస్‌వర్డ్ కూడా పంపుతారు. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’ అని పెట్టినా లింకు ఉన్న ప్రతివారూ చూడగలరు. గూగుల్ డ్రైవ్‌లో డౌన్‌లోడ్, ప్రింట్ ఆపేసే వీలుంది. కొన్ని కోర్సు యాప్‌లు స్క్రీన్ రికార్డింగ్‌నూ అడ్డుకుంటాయి. కానీ పక్కన ఇంకో ఫోను పెట్టి చిత్రీకరించేవారిని ఏ యాపూ ఆపలేదు. పీడీఎఫ్ ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు, ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు ముద్రించండి. ఇది తాళం కాదు, మొహమాటం. మన దగ్గర మొహమాటం బాగానే పనిచేస్తుంది.

అయితే మీ విద్యకు ఇంకో గొప్ప రక్షణ ఉంది. బట్టను కరక్కాయ, పాల మిశ్రమంలో ముంచడం, ఇనుము బెల్లంతో పులియబెట్టిన నల్లరంగు, పటికతో పట్టించే ఎరుపు, వీటిని చూసినంత మాత్రాన చేయి తిరగదు. నలుపు ఎందుకు గోధుమరంగుకు తిరిగిందో నేర్చుకునేవారికి ఎవరో ఒకరు చెప్పాలి. కాబట్టి వీడియోల ధర తక్కువగా ఉంచి, వాటితోపాటు మీరు శుద్ధి చేసిన బట్ట, వెదురు కలం, కరక్కాయ పొడి, పటిక ఉన్న పెట్టె పంపండి. వారు వేసిన మొదటి రెండు ముక్కల ఫొటోలు చూసి దిద్దిపెట్టండి. ధరలో ఎక్కువ భాగం వీటికే. టెలిగ్రామ్‌లో వీడియో దొరకవచ్చు, పెట్టె దొరకదు, మీరు దొరకరు.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. వీడియో పాఠాలు సేవ కిందికి వస్తాయి. ఏడాదికి రూ.20 లక్షలు దాటనంతవరకు, వేరే రాష్ట్రం వారికి అమ్మినా జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. పెట్టె మాత్రం వస్తువు. వస్తువును రాష్ట్రం దాటించి బెంగళూరుకో చెన్నైకో అమ్మితే సాధారణంగా అమ్మకం ఎంత చిన్నదైనా నమోదు కావాలి. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది. మీ పెట్టె అందులోకి వస్తుందో లేదో మొదటి పార్సిల్ కట్టకముందే సీఏను అడగండి.

విదేశాలవారికి పేపాల్ పనికొస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి అది మన దేశంలో ఒకరి నుంచి ఒకరికి చెల్లింపులు ఆపేసింది. బయటి దేశాల నుంచి రావడానికి మాత్రం ఉంది. అంతర్జాతీయ కార్డులు తీసుకునే గేట్‌వేలు కూడా ఉన్నాయి. వారికి ధర డాలర్లలో, వేరుగా పెట్టండి. ఇక్కడి ధరను డాలర్లలోకి మార్చి చూపించనక్కర్లేదు, సంకోచం అసలే అక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి వారి సమయానికి మేలుకుని నేర్పేది మీరే.

ప్రశ్న: కోర్సు పేజీలో ‘ఇంకా 3 సీట్లే, 14 నిమిషాల్లో ధర పెరుగుతుంది’ అని టైమర్ పెట్టమని వెబ్‌సైట్ చేసినతను అంటున్నాడు. పెట్టమంటారా? (చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

రికార్డు చేసిన వీడియోకు సీట్లేమిటి? కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో 13 రకాల మాయా ఎత్తులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ తప్పుడు తొందర అందులో ఒకటి. ‘నూరు శాతం ఉద్యోగం’ వంటి మాటల మీద 2024 నవంబరులో కోచింగ్ సంస్థలకు విడిగా కూడా నిబంధనలు పెట్టారు. పేజీ మళ్లీ తెరవగానే ఆ 14 నిమిషాలు మొదటి నుంచి తిరగడం కుర్రవాళ్లు ఇట్టే కనిపెడతారు. తీసేయించండి. ఒకటో తేదీ నుంచి నిజంగానే ధర పెంచదలిస్తే ఆ తేదీ రాయండి, ఆ రోజు పెంచండి.

ప్రశ్న: పలమనేరు దగ్గర పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాను. పాడి రైతులకు వాట్సాప్‌లో నెలకు రూ.50కి సలహాలు ఇద్దామని. వసూలు ఎలా?

నెలనెలా రూ.50 అడగడం మీకూ బాధ, వారికీ బాధ. యూపీఐలో 2020 నుంచి ఆటోపే ఉంది, ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా దానంతటదే కట్ అవుతుంది. కానీ ఖాతాలో డబ్బు లేని రోజున అది విఫలమవుతుంది, మీరు మళ్లీ ఫోను చేసి అడగాలి. ఏడాదికి ఒకేసారి రూ.400 తీసుకోండి. రాసి పంపకండి, గొంతుతో చెప్పి పంపండి. పాలు పితికే వేళకు వినడమే సులువు. ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. మీ నంబరును సేవ్ చేసుకోనివారికి సందేశం చేరదు కూడా. చేరిన రోజే వారి ఫోనులో మీ నంబరు సేవ్ చేయించండి.

ప్రశ్న: తిరుపతిలో అన్నమయ్య కీర్తనలు నేర్పుతాను. స్వరలిపితో పుస్తకం, ఆడియో కలిపి రూ.999కి అమ్మవచ్చా? హక్కుల సమస్య వస్తుందా?

సాహిత్యానికి రాదు. అన్నమయ్య 1503లో పరమపదించారు, ఆ పదాలు అందరివీ. సమస్య వరుసలతో. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం స్వరకర్త మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఉదాహరణకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు, ఆయన కట్టిన వరుసలకు 2039 చివరి దాకా రక్షణ ఉన్నట్టే. ఎవరి వరుసో పాటవారీగా రాసుకోండి. అనుమతి లేనివి తీసేసి, మీరు సొంతంగా కట్టినవి పెట్టండి. ఇతరుల రికార్డింగుల నుంచి ముక్కలు కత్తిరించి వాడకండి, వాటికీ విడిగా హక్కులుంటాయి.

ధర మాత్రం రూ.999 వద్దు. సంగీతం దగ్గర ఆ తొమ్మిదులు బట్టల దుకాణాన్ని గుర్తుకు తెస్తాయి. రూ.1,116 పెట్టండి. గురువుకు ఇచ్చే సొమ్ము చివర పదహారు ఉంటే మనవాళ్లు బేరమాడరు.

ప్రశ్న: డీటీపీ సెంటర్‌లో చేయించిన నా పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకడం లేదు. కాపీ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు వస్తున్నాయి. కొన్నవారు గొడవ పెడుతున్నారు.

అను ఫాంట్లలో కంపోజ్ చేసి ఉంటారు. అచ్చుకు అవి బాగుంటాయి, ఫోనుకు పనికిరావు. ఏ ఫోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్పించండి. ఇందుకు కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక వత్తులు, అంకెలు ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. మండలి, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు ఉచితం, అమ్మే పుస్తకంలోనూ వాడుకోవచ్చు. రెండు నిలువు వరుసల ఏ4 పేజీ బదులు ఒకే నిలువు వరుసతో ఏ5 పెట్టండి. లిబ్రేఆఫీస్ నుంచి ఈపబ్ కూడా తీయవచ్చు, అందులో అక్షరం సైజు చదివేవారే పెంచుకుంటారు. ఇప్పటికే కొన్నవారికి కొత్త ఫైలు ఉచితంగా పంపండి. పాత ఏ4 ఫైలును అచ్చు కోసం విడిగా దాచుకోండి.