‘కారో’ అనే మాట గురించి మేనకోడలికి

చి. శ్రావణికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఇటలీలోని బొలోనియాకు చదువుకు వెళ్తున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, మన ఇంటి పిల్ల 1088 నాటి విశ్వవిద్యాలయంలో అడుగు పెడుతోందన్న గర్వం ఒకవైపు, పరాయి ఇంట్లో ఒంటరిగా ఉండాలన్న బెంగ మరొకవైపు నన్ను నిలవనివ్వడం లేదు. కాగితాలు, ఉన్ని బట్టలు, మందుల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. నేను చెప్పదలచినది ఒక్క మాట గురించే.

అది ‘కారో’ అనే ఇటాలియన్ మాట. స్త్రీలింగంలో ‘కారా’, బహువచనంలో ‘కారి’, ‘కారే’ అవుతుందని మొదటి వారంలోనే నేర్పుతారు. లాటిన్ ‘కారుస్’ నుంచి వచ్చిన ఈ విశేషణానికి ఆ కాలం నుంచే ఇష్టమైనది, ఖరీదైనది అని రెండర్థాలు. మనకిది వింత కాదు. ‘ప్రియమైన అత్తయ్యకు’ అని ఉత్తరం రాసే మనమే బియ్యం ప్రియమయ్యాయని అంటాము. నామవాచకానికి ముందుంటే సాధారణంగా ఆత్మీయత: ‘కారో అమీకో’ ప్రియమిత్రుడు. వెనుక ఉంటే సాధారణంగా ధర: ‘లీబ్రో కారో’ ఖరీదైన పుస్తకం. 2023 మేలో మిలాన్‌లో విద్యార్థులు గుడారాలు వేసుకుని నిరసించినది ‘కారో అఫ్ఫీత్తి’ గురించే, అంటే అద్దెల మంట గురించి; ఇక్కడ మాత్రం ‘కారో’ ముందున్నా అర్థం ధరే.

ఇదంతా తెలిసీ నేను తప్పు చేశాను. నేను ఇటలీలో అద్దెకు ఉండగా జ్వరం వచ్చినప్పుడు మా ఇంటి యజమానురాలు, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, మూడు రోజులు కూరగాయల చారు కాచి తెచ్చి, పక్కన కూర్చుని తాగించింది. కోలుకున్నాక అద్దె డబ్బు ఆవిడ చేతిలో పెడుతూ, నా కృతజ్ఞతంతా ఒక్క వాక్యంలో చెప్పాలని ‘లేయి ఎ మోల్తో కారా’ అన్నాను. మీరెంతో ఆత్మీయులని అన్నాననుకున్నాను. నోట్లు లెక్కపెట్టుకుంటున్న ఆవిడకు మాత్రం, మీ దగ్గర అద్దె మరీ ఎక్కువ అన్నట్లు వినిపించింది. ఆవిడ మారు మాట్లాడలేదు. మరుసటి నెల అద్దెలో కొంత తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. మన ‘నాకు’ లాంటి చిన్న ‘మి’ చేర్చి ‘లేయి మి ఎ మోల్తో కారా’ అని ఉంటే, ఆ నెల రోజులు ఆవిడ తనను దురాశాపరురాలిగా తలచుకుని కుమిలేది కాదు. వెళ్లి చెప్పినప్పుడు ఇద్దరమూ ఏడ్చాము.

నువ్వు మాట ముందు వదిలి తరువాత ఆలోచించే పిల్లవు. ఫోనులో చూసి నేర్చిన వాక్యాలు పెద్దవాళ్ల మీద ప్రయోగించకు తల్లీ. ఇంటావిడకు రాసే మొదటి ఉత్తరం ‘జెంతీలె సిన్యోరా’ (గౌరవనీయులైన అమ్మగారికి) అని మొదలుపెట్టు. ‘కారా శ్రావణి’ అని ఆవిడ రాసిన రోజున నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే.