మెనూలో మద్రాసు, వంటింట్లో సిల్హెట్

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రిటన్‌లోని ‘ఇండియన్’ రెస్టారెంట్ల గురించే. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు, చదువుకు బయల్దేరుతున్నవాళ్లు రాశారు.

*ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ‘ఇండియన్’ బోర్డు చూసి లోపలికెళ్లి చికెన్ మద్రాస్ తెప్పించుకున్నాం. మద్రాసులో ఇరవై ఏళ్లున్నా అలాంటి కూర ఎప్పుడూ తినలేదు. వడ్డించినతను తమది బంగ్లాదేశ్ అన్నాడు. ఏమిటీ తిరకాసు? – తెనాలి పాఠకురాలు*

జవాబు: మీరు తిన్నది బ్రిటన్‌లో పుట్టి బ్రిటన్‌లోనే పెరిగిన వంట. ఈ కర్రీహౌస్‌లలో చాలా భాగం బంగ్లాదేశ్ ఈశాన్యాన ఉన్న సిల్హెట్ ప్రాంతపు వాళ్లవి. ఆ ఊళ్ల మగవాళ్లు బ్రిటిష్ ఆవిరి ఓడల ఇంజను గదుల్లో బొగ్గు వేసే పనికి వెళ్లేవారు. కొందరు లండన్ రేవులో దిగిపోయి మళ్లీ ఓడ ఎక్కలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాంబు దాడుల్లో దెబ్బతిన్న చిన్నచిన్న ఫలహారశాలలు చవగ్గా దొరికితే తీసుకుని, చేపా చిప్స్‌తో పాటు కూరా అన్నం కూడా పెట్టారు. సిల్హెట్ 1947 దాకా ఇండియా, ఆపైన పాకిస్తాన్, 1971 నుంచి బంగ్లాదేశ్. దేశం రెండుసార్లు మారినా బోర్డు మారలేదు.

ఇక మద్రాస్ సంగతి. అక్కడి పబ్బులు చాలాకాలం రాత్రి 11 గంటలకల్లా మూసేసేవారు. ఆ తర్వాత కడుపు కాలుతూ వచ్చేవాళ్లకు తెరిచి ఉండేవి ఈ హోటళ్లే. వాళ్లకు ఊళ్ల పేర్లతో పనేముంది, కారం ఎంతో తెలిస్తే చాలు. అలా పేర్లన్నీ కారం కొలతలైపోయాయి. కొర్మా అంటే క్రీము, కొబ్బరి, పంచదార. మద్రాస్ అంటే కారం. విందాలూ అంటే దానికి పైమెట్టు. ఫాల్ అంటే పందెం కాసి తినేది. విందాలూ అసలు గోవాలో పోర్చుగీసుల నుంచి వచ్చిన వెనిగర్, వెల్లుల్లి వంటకం. పేరు చివర ‘ఆలూ’ వినపడేసరికి చాలామంది అందులో బంగాళాదుంప వేసేస్తున్నారు.

మీ నోటికి మద్రాస్ చప్పగా కాకపోయినా పచ్చిగా అనిపించి ఉంటుంది. అందులో కారమంతా పొడికారమే. ఈసారి జాల్‌ఫ్రేజీ చెప్పండి, పచ్చిమిర్చి చివర్లో వేసి తీస్తారు. రద్దీ లేని రోజైతే ‘స్టాఫ్ కర్రీ’ ఉందా అని మర్యాదగా అడగండి. సిబ్బంది తమ కోసం ఎముకతో సహా వండుకునే కూర అది. అసలు సిల్హెట్ రుచి అందులోనే ఉంటుంది.

*ప్రశ్న: ఆర్డరిచ్చిన పది నిమిషాల్లో ఆరు రకాల కూరలు తెచ్చిపెడతారు. ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రావడం లేదు. రహస్యమేమిటి? – లెస్టర్ నుంచి ఒక విద్యార్థి*

జవాబు: రహస్యమంతా ‘బేస్ గ్రేవీ’ అనే ఉల్లిరసంలో ఉంది. పొద్దున్నే పెద్ద గిన్నెలో కాచి పెట్టుకుంటారు, రాత్రి ప్రతి కూరా దాంతోనే.

ఇంటి కొలత ఇదీ. కిలో ఉల్లిపాయలు, ఒక క్యారెట్, సగం క్యాప్సికం, రెండు టమాటాలు, పది వెల్లుల్లి రెబ్బలు, రెండంగుళాల అల్లం, 100 మిల్లీలీటర్ల నూనె, టీస్పూను చొప్పున పసుపు, ఉప్పు. అన్నీ మునిగేలా నీళ్లు పోసి గంటసేపు ఉడికించండి. ఉల్లిపాయను వేలితో నొక్కితే చితికిపోవాలి. మెత్తగా రుబ్బి, పప్పుకట్టు అంత పలచన అయ్యేదాకా నీళ్లు కలిపి, పైన నూనె తేలేవరకు ఇంకో ఇరవై నిమిషాలు కాచండి. సుమారు రెండు లీటర్లవుతుంది, ఆరేడు ప్లేట్లకు సరిపోతుంది. మనవాళ్లు చేసే మొదటి పొరపాటు ఉల్లిపాయల్ని ఎర్రగా వేయించడం. ఇక్కడ అవి ఉడకాలంతే. వేగితే ప్రతి కూరకూ ఒకటే గోధుమరంగు, ఒకటే తీపి.

రెండోది ‘మిక్స్ పౌడర్’. ధనియాల పొడి, అక్కడ డబ్బాల్లో అమ్మే కర్రీ పౌడర్ మూడేసి చెంచాలు, పసుపు, జీలకర్ర పొడి, పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరప పొడి) రెండేసి చెంచాలు. మూడోది ముందే ఉడికించి పెట్టుకున్న కోడి ముక్కలు.

ఒక ప్లేటు మద్రాస్‌కు పలచటి అల్యూమినియం పాన్‌లో మూడు పెద్ద చెంచాల నూనె, టీస్పూను అల్లంవెల్లుల్లి వేయండి. పచ్చివాసన పోయాక టీస్పూనున్నర మిక్స్ పౌడర్, అంతే కారం, చిటికెడు కసూరీ మేతి. వెంటనే, లోపల ముప్పై లెక్కపెట్టేలోగా, నీళ్లలో కలిపిన టమాటా పేస్టు రెండు పెద్ద చెంచాలు పోయండి. ఆలస్యమైతే పొడి మాడి చేదెక్కుతుంది, తర్వాత ఏం వేసినా పోదు. ఇప్పుడు ఒక గరిటె బేస్ గ్రేవీ. మంట పూర్తిగా పెంచి కలపకుండా వదిలేయండి. రసం కుతకుత ఉడికి, అంచుల్లో ముదురు రంగు చారలా అంటుకుంటుంది. దాన్ని గీకి లోపలికి తోసి ఇంకో గరిటె. ఆ తర్వాత ముక్కలు, మిగతా గ్రేవీ. మొత్తం 300 మిల్లీలీటర్లు పట్టాలి. నాలుగైదు నిమిషాల్లో నూనె విడుతుంది. చివర్లో నిమ్మరసం, కొత్తిమీర.

మీకు రుచి రాకపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం నాన్‌స్టిక్ పాన్. దానికి అంచు అంటదు, అంటకపోతే ఆ కాలినట్టుండే వాసన పుట్టదు. గ్రేవీ ఫ్రిజ్ నుంచి తీసి చల్లగా పోసినా పాన్ వేడి చచ్చిపోతుంది. పక్క పొయ్యి మీద మరుగుతూ ఉండాలి.

*ప్రశ్న: అడక్కుండానే అప్పడాలు తెచ్చి పెట్టి, తర్వాత బిల్లులో వేశారు. ఇది మోసం కాదా? – రాజమండ్రి పాఠకుడు*

జవాబు: కాదు, అక్కడి అలవాటు. మనం అప్పడాన్ని భోజనంలో నంజుకుంటాం. అక్కడ కూరలు వచ్చేలోపు కాలక్షేపానికి ముందే పెడతారు, వెంట మామిడి చట్నీ, తరిగిన ఉల్లిపాయ, పుదీనా పెరుగు, నిమ్మ ఊరగాయ ఉన్న ట్రే. చాలాచోట్ల అప్పడానికింత, ట్రేకు మనిషికింత అని విడివిడిగా లెక్కేస్తారు. వద్దనుకుంటే బల్ల మీద పెట్టకముందే చెప్పండి. నీళ్లకు ‘టాప్ వాటర్’ అని అడగండి. మద్యం లైసెన్సున్న హోటళ్లు ఇంగ్లండ్‌లో దాన్ని ఉచితంగా ఇవ్వాలి. ఉత్త ‘వాటర్’ అంటే సీసా వస్తుంది, దానికి డబ్బులు. బిల్లులో సర్వీస్ ఛార్జీ ‘ఆప్షనల్’ అని ఉంటే తీసేయమనొచ్చు. 2024 అక్టోబరు నుంచి టిప్పుల డబ్బు మొత్తం సిబ్బందికే పంచాలన్న చట్టం అమల్లో ఉంది.

*ప్రశ్న: బిర్యానీ అడిగితే వేయించిన అన్నం, పక్కన కూరగాయల గ్రేవీ ఇచ్చారు. పైన ఆమ్లెట్టు! – హైదరాబాద్ పాఠకుడు*

జవాబు: మీ బాధ అర్థమైంది. ఒక్కో ప్లేటూ విడిగా వండే ఆ వంటింట్లో దమ్ముకు చోటు లేదు. ముందే వండి చల్లార్చిన పలావు అన్నాన్ని మాంసంతో వేయించి ఇస్తారు. పొడిగా ఉంటుంది కాబట్టి గ్రేవీ. దమ్ బిర్యానీ హండీని గంటల తరబడి ఉంచాలంటే అక్కడి నిబంధన ప్రకారం 63 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా వేడి పట్టాలి, అలా పట్టేకొద్దీ అడుగున అన్నం ఎండిపోతుంది. వండిన అన్నం గది వేడిలో వదిలేస్తే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విషం పుట్టిస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. కాబట్టి తనిఖీ అధికారులు అన్నం విషయంలో గట్టిగానే ఉంటారు. దమ్ కావాలంటే మన తెలుగువాళ్లు నడిపే హోటల్ వెతుక్కోండి, హండీ దించే వేళ కనుక్కుని వెళ్లండి.

*ప్రశ్న: బాల్టీ అంటే బకెట్టేనా? – నెల్లూరు*

జవాబు: హిందీలో అంతే. బర్మింగ్‌హామ్‌లో మాత్రం రెండు చెవులున్న పలచటి ఉక్కు మూకుడు. 1970ల్లో అక్కడి పాకిస్తానీ హోటళ్లు మొదలుపెట్టాయి. వండిన మూకుడులోనే తెచ్చి పెడతారు, నాన్‌తో తింటారు. వేరే గిన్నెలోకి మార్చి తెస్తే పేరుకే బాల్టీ.

*ప్రశ్న: ఎక్కడ చూసినా మహారాజుల హంగు, తాజ్‌మహల్ పేర్లు. ఎవరు మొదలుపెట్టారు? – వరంగల్*

జవాబు: 1810లోనే పట్నాకు చెందిన దీన్ మహమ్మద్ లండన్ జార్జ్ స్ట్రీట్‌లో ‘హిందూస్తానీ కాఫీ హౌస్’ తెరిచాడు. వెదురు కుర్చీలు, హుక్కాలు. ఇండియాలో ఉద్యోగాలు చేసి తిరిగొచ్చిన దొరల కోసం. రెండేళ్లకే దివాలా తీశాడు. 1926లో రీజెంట్ స్ట్రీట్‌లో ‘వీరాస్వామి’ పెట్టిన ఎడ్వర్డ్ పామర్ కూడా అలాంటి దొరల్నే నమ్ముకున్నాడు, ఆ హోటల్ నిలిచింది. మనకో చుట్టరికం ఉంది: నిజాం సర్కారుకే అప్పులిచ్చిన హైదరాబాద్ ‘పామర్ అండ్ కంపెనీ’ విలియం పామర్‌దీ ఇదే కుటుంబం. చిన్న హోటళ్లు ఆ దర్జానే ఎర్రటి మఖ్మల్ గోడకాగితంతో చవగ్గా తెచ్చుకున్నాయి. కోహినూర్ అని పేరు పెట్టుకున్నవాళ్లలో ఎంతమందికి ఆ వజ్రం దొరికిందని చెప్పే మన కొల్లూరు గని తెలుసో!

*ప్రశ్న: మా పాపకు వేరుశనగ పడదు. కర్రీహౌస్‌కు తీసుకెళ్లొచ్చా? – విశాఖ పాఠకురాలు*

జవాబు: వెళ్లొచ్చు, కానీ మెనూను నమ్మి కాదు. కొర్మా, పసందా, టిక్కా మసాలాల్లో బాదం పొడి పడుతుంది. దాని బదులు చవకైన వేరుశనగ కలిసిన పొడి వాడటంతో ఒక కస్టమర్ చనిపోయిన కేసులో 2016లో హోటల్ యజమానికి జైలుశిక్ష పడింది. ఆహారంలోని 14 రకాల అలర్జీ కారకాల వివరాలు అడిగితే చెప్పడం అక్కడ చట్టం. ‘నట్స్ ఉన్నాయా’ అని కాకుండా ‘పీనట్’ అని విడిగా అడగండి, వాళ్ల జాబితాలో అవి రెండూ వేర్వేరు. ఏ పొడి వాడుతున్నారో డబ్బా మీది లేబుల్ చూసి చెప్పమనండి. ఒకే పాన్, ఒకే గరిటె అన్ని కూరలకూ తిరుగుతాయి కాబట్టి కడిగిన పాన్‌లో చేయమని చెప్పండి. శుక్ర, శనివారాల రాత్రుళ్లు వద్దు, ఆ రద్దీలో ఎవరూ లేబుల్ వెతకరు. సూటిగా జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. పాప అలర్జీ మందు సంచిలో కాదు, చేతికందేచోట ఉంచుకోండి.