మూడు వారాల పసిగుడ్డుకు స్పీచ్ థెరపిస్ట్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. ఎనిమిదో నెల పడగానే, 30 వారాలకే నాకు కాన్పు అయ్యింది. పాప బరువు 1,280 గ్రాములు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద, తర్వాత ఒక వారం ముక్కుకు పెట్టే సీప్యాప్ మిషన్ మీద ఉంది. ఇప్పుడు మూడు వారాలు నిండాయి, బరువు 1,450 గ్రాములు. హనుమకొండలో ఆసుపత్రిలోనే ఉన్నాం. ఆక్సిజన్ తీసేశారు. నా పాలనే నోట్లో పైపు వేసి పోస్తున్నారు. మొన్న ఉగ్గుగిన్నెతో పట్టబోతే పాప పెదాలు నీలంగా మారాయి, మళ్లీ పైపే పెట్టారు. రేపటి నుంచి స్పీచ్ థెరపిస్ట్ వచ్చి చూస్తారని చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. పాపకు మాటలు రావని డాక్టర్లకు ముందే తెలిసిందా? మూడు వారాల పసిగుడ్డుకు మాటలేం నేర్పుతారు, ఇదంతా బిల్లు కోసమే అని మా మామయ్య అంటున్నారు. ఇంటికి తీసుకెళ్లి వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు అవే వస్తాయని మా అత్తమ్మ అంటోంది. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, అసలు భయానికి ముందు జవాబు చెబుతాను. మీ పాపకు మాటలు రావని ఎవరూ తేల్చలేదు. మూడు వారాల బిడ్డను చూసి ఆ సంగతి ఎవరూ తేల్చలేరు కూడా. రేపు వచ్చే మనిషి పాపకు మాటలు నేర్పడానికి రావడం లేదు. పాలు తాగడం నేర్పడానికి వస్తున్నారు.

ఈ గందరగోళం అంతా ఆ పేరుతోనే. స్పీచ్ థెరపిస్ట్ అనగానే నత్తి పోగొట్టేవారో, మాట రాని పిల్లలకు అక్షరాలు పలికించేవారో అనుకుంటాం. కానీ మనం మాట్లాడటానికి వాడే పెదాలు, నాలుక, అంగిలి, గొంతుతోనే కదా పాలు చప్పరించి మింగేది? అందుకే మింగడంలో వచ్చే ఇబ్బందులు కూడా వాళ్ల చదువులో భాగమే. బీఏఎస్ఎల్‌పీ అనే డిగ్రీ చేసి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకున్నవారే ఈ పని చేయాలి. పుట్టిన పిల్లల వార్డులో బిడ్డను పైపు నుంచి నోటికి ఎప్పుడు, ఎలా మార్చాలనే విషయంలో మాలాంటి పిల్లల డాక్టర్లం వాళ్లు చెప్పేదే వింటాం.

ఇక పెదాలు నీలంగా మారడం గురించి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అర్థమైతే మీ భయం సగం పోతుంది.

కడుపులో ఉండగానే, మూడో నెల దాటేసరికి బిడ్డ ఉమ్మనీరు మింగడం మొదలుపెడుతుంది. అయిదో నెలకల్లా చప్పరించే కదలికలూ వస్తాయి. అయితే అక్కడ ఊపిరి తీసుకోవాల్సిన పని లేదు, ఆక్సిజన్ బొడ్డుతాడు ద్వారా వస్తుంది. బయటికి వచ్చాక లెక్క మారిపోతుంది. గాలి పోయే దారి, పాలు పోయే దారి గొంతు దగ్గర ఒకటే. పాలు దిగే క్షణంలో ఊపిరి ఆగాలి, గాలిగొట్టం మూసుకోవాలి, గుటక పడగానే మళ్లీ తెరుచుకోవాలి. చప్పరింత, గుటక, ఊపిరి, ఈ మూడూ ఒకదాని వెనుక ఒకటి లయ తప్పకుండా నడవాలి. ఇది 32 నుంచి 34 వారాల మధ్య మొదలై, గట్టిపడేసరికి 36, 37 వారాలు అవుతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఇదంతా అమ్మ కడుపులోనే సిద్ధమైపోతుంది. కడుపులో ఉన్న 30 వారాలు, బయట గడిచిన మూడు వారాలు కలిపితే మీ పాపకు ఇప్పుడు 33 వారాలు. ఇంకా కడుపులోనే ఉండాల్సిన బిడ్డ. ఉగ్గుగిన్నెలోంచి వచ్చిన పాలు తను తట్టుకోగలిగిన దానికంటే వేగంగా వచ్చాయి, మింగే తొందరలో ఊపిరి మరిచింది. అంతే. అది పాప తప్పూ కాదు, పట్టిన నర్సమ్మ తప్పూ కాదు. ఈ వయసు పిల్లల్లో చాలామందికి మొదటిసారి ఇలాగే అవుతుంది.

రేపు థెరపిస్ట్ వచ్చాక వెంటనే ఏమీ చేయకపోవచ్చు, ఆశ్చర్యపోకండి. ముందు కేస్ షీట్ చదువుతారు. వెంటిలేటర్ ఎన్ని రోజులు పెట్టారు, తల స్కాన్‌లో ఏముంది అని చూస్తారు. తర్వాత కాసేపు పాపను ముట్టుకోకుండా నిలబడి చూస్తారు. నిద్రలోంచి ఎలా లేస్తోంది, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తోంది, చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంటోందా అని. ఆ చూడటమే సగం పరీక్ష. ఆ తర్వాత గ్లవ్స్ వేసుకుని చిటికెన వేలు నోట్లో పెట్టి అంగిలి పూర్తిగా కలిసి ఉందా, నాలుక వేలిని చుట్టుకుని చప్పరిస్తోందా చూస్తారు. బుగ్గలు, పెదాలు, చిగుళ్ల మీద కొద్ది నిమిషాలు మెత్తగా రాస్తారు. వెంటిలేటర్ పైపులు, టేపులు, నోట్లోంచి తెమడ తీసే గొట్టాలు, ఇన్నాళ్లూ నోటి దగ్గరికి వచ్చినవన్నీ పాపకు బాధ పెట్టినవే. నోటి దగ్గరికి మంచి కూడా వస్తుందని పాపకు తెలియాలి కదా.

ఇక్కడి నుంచి అసలు థెరపిస్ట్ మీరే. దీన్ని ఊరికే ధైర్యం కోసం చెప్పడం లేదు.

పైపులో పాలు పోసే సమయానికి మీరు పాలు పిండేసిన రొమ్మును పాప నోటికి అందించండి. పాలు రాకపోయినా పరవాలేదు, రాకూడదనే ముందు పిండేది. పాప ఉత్తుత్తిగా చప్పరిస్తూ ఉంటుంది, అదే సమయంలో పైపు ద్వారా కడుపు నిండుతుంది. చప్పరిస్తే కడుపు నిండుతుందని పాపకు అలవాటవుతుంది. ఈ ఉత్తుత్తి చప్పరింత సెకనుకు సుమారు రెండుసార్లు సాగుతుంది. నిజంగా పాలు వస్తున్నప్పుడు సెకనుకు ఒకటికి తగ్గుతుంది, మధ్యలో గుటక పడాలి కాబట్టి. కొన్ని రోజులు దగ్గరుండి చూస్తే ఈ తేడా మీకే కనిపిస్తుంది. ఇలా చేసిన పిల్లలు పైపు నుంచి నోటికి త్వరగా మారుతున్నారనీ, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గుతున్నాయనీ పరిశోధనల్లో తేలింది. మీ మామయ్య గారు బిల్లు గురించి అడిగారు కదా, ఆయనకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

రెండోది కంగారూ కేర్. కొలంబియాలోని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటల దాకా చేయమంటోంది. చొక్కా లేకుండా పాపను మీ ఛాతీకి ఆనించుకుని కూర్చోవడమే. మీరు అలసిపోతే పాప నాన్న చేయవచ్చు, మీ అమ్మగారు చేయవచ్చు. బాలింతవు, అంతసేపు కూర్చోవద్దని ఇంట్లో ఎవరైనా అంటే, వెనక్కి వాలే కుర్చీ అడగండి.

అలా కూర్చున్నప్పుడు మాట్లాడండి. మాటలు అని మీ ఇంట్లో అంటున్నది నిజంగా ఇక్కడే మొదలవుతుంది. కడుపులో ఆరో నెల దాటేసరికి బిడ్డకు వినపడటం మొదలవుతుంది. 1980లో అమెరికాలో పుట్టి మూడు రోజులు కూడా కాని పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. చప్పరించే తీరును బట్టి తల్లి గొంతో, వేరే ఆడమనిషి గొంతో వినపడేలా ఏర్పాటు చేస్తే, పిల్లలు తమ చప్పరింత లయ మార్చుకుని మరీ తల్లి గొంతునే ఎక్కువగా విన్నారు. అదే దేశంలోని రోడ్ ఐలండ్‌లో, ఐసీయూలో పెద్దవాళ్ల మాటలు ఎక్కువ విన్న నెలలు నిండని పిల్లలు వాళ్లూ ఎక్కువగా శబ్దాలు చేయడం, ఏడాదిన్నర వయసులో భాషలో ముందుండటం గమనించారు. కాబట్టి సిగ్గుపడకండి. “నేనొచ్చిన బిడ్డా, పాలు తెచ్చిన” అని మీ ఇంటి భాషలో, మీ గొంతుతో చెప్పండి. జోలపాట పాడండి. మెల్లగా, పక్కవాళ్లకు వినపడీ వినపడనంత. ఫోన్‌లో పాటలు మాత్రం పెట్టకండి. ఈ వార్డుల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, అలారాలతోనే అది దాటిపోతుంటుంది.

మళ్లీ ఉగ్గుగిన్నె మొదలుపెట్టినప్పుడు థెరపిస్ట్ చెప్పే జాగ్రత్తలు మీరూ నేర్చుకోండి. ఇంటికి వెళ్లాక పట్టేది మీరే. పాప మెలకువగా ఉండాలి, తల ఎత్తుగా ఉండాలి. గిన్నె ముక్కు పెదవి చివర ఆనించి కొద్దికొద్దిగా వదలాలి, గుటక పడ్డాకే తర్వాతి చుక్క. వేళ్లు విప్పార్చడం, కనుబొమలు ఎత్తడం, నోటి పక్క నుంచి పాలు కారడం, మూతి చుట్టూ రంగు మారడం, ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోవడం, ఇవన్నీ “చాలు, ఆపు” అని పాప చెప్పే మాటలే. అప్పుడు ఆపాలి. బుగ్గలు నొక్కి, గడ్డం ఆడించి, మిగిలిన అయిదు మిల్లీలీటర్లు ఎలాగైనా పోసేయాలని చూడకూడదు. అరగంట దాటిందంటే పాప తాగిన పాల కంటే ఖర్చు పెట్టిన శక్తే ఎక్కువ. మిగిలినవి పైపులో వెళ్తాయి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పని నేర్చుకునే రోజుల్లో మా వార్డులో స్పీచ్ థెరపిస్ట్ లేరు. పాల లెక్క పూర్తయితే చాలనుకునేవాళ్లం. ఒక మగబిడ్డకు రోజూ అలాగే పట్టాం. వాడు దగ్గేవాడు కాదు, పొలమారేది కాదు, కాబట్టి అంతా బాగుందనుకున్నాం. నాలుగో రోజుకు ఆయాసం వచ్చింది, ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లోకి పాలు వెళ్లినట్టు తెలిసింది. ఇంత చిన్న పిల్లలకు దగ్గు కూడా సరిగా రాదని, పాలు దారి తప్పినా బయటికి తెలియకపోవచ్చని నాకు ఆ బిడ్డే నేర్పాడు. వాడు కోలుకుని ఇంటికి వెళ్లాడు, కానీ మళ్లీ పది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాక. ఆ పది రోజులూ ఆ తల్లి ముఖం చూడలేకపోయాను.

అత్తమ్మ గారి వస కొమ్ము సంగతి. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు. మన ఇళ్లలో గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం నాకూ ఇష్టమే. కానీ ఈ పాపకు వస వద్దు. అందులో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం హాని చేస్తుందనే అమెరికాలో 1968లోనే తినే వస్తువుల్లో వస వాడకుండా నిషేధించారు. పైగా సానరాయి మీద అరగదీసిన ఏ పదార్థమైనా ఇంత లేత పేగులకు ఇన్‌ఫెక్షన్ తేవచ్చు. తేనె, చక్కెర నీళ్లు, గ్రైప్ వాటర్ కూడా అంతే. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకూడదు. నాలుక కింద నరం కోయిస్తే మాటలు వస్తాయని ఎవరైనా అంటే, థెరపిస్ట్ చూసి చెప్పకుండా ఆ పని చేయించకండి.

మాటల విషయంలో మీరు నిజంగా పట్టుబట్టాల్సింది చెవుల పరీక్ష. అయిదు రోజులకు మించి ఐసీయూలో ఉన్న, వెంటిలేటర్ పెట్టిన పిల్లలకు వినికిడి లోపం వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే ఎక్కువ. చెవిలో చిన్న మొన పెట్టి చేసే ఓఏఈ ఒక్కటే ఇలాంటి పిల్లలకు సరిపోదు. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని కూడా చూసే బెరా పరీక్ష చేయాలి. డిశ్చార్జ్‌కు ముందే అడగండి. తేడా ఉందని అనుమానం వస్తే మూడు నెలల లోపు తేల్చుకుని, ఆరు నెలల లోపు చికిత్స మొదలుపెట్టాలి. మీరు అడగలేదు కానీ, కంటి పరీక్ష కూడా గుర్తు పెట్టుకోండి. పుట్టిన నాలుగు వారాలకు రెటీనా, అంటే కంటి లోపలి పొర, చూపించాలి, అంటే మీకు వచ్చే వారమే.

రేపు పాప పెరిగేటప్పుడు పక్కింటి పిల్లలతో పోల్చుకోకండి. మీ పాప పది వారాలు ముందు పుట్టింది, వయసులోంచి ఆ రెండున్నర నెలలు తీసేసి లెక్క వేయాలి. రెండు నెలలకు రావాల్సిన ఊకొట్టడం నాలుగున్నర నెలలకు వస్తే అది ఆలస్యం కాదు. ముందు పుట్టిన పిల్లల్లో కొంతమందికి మాటలు ఆలస్యం అవుతాయన్నది నిజమే, దాచను. అందుకే మొదటి రెండేళ్లు ఫాలో అప్ మానకూడదు. ప్రతిసారీ హనుమకొండ దాకా సుమారు 40 కిలోమీటర్లు రావడం కష్టమైతే మీ ఊరి ఆశ కార్యకర్తను అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. అవసరమైతే ఇలాంటి లోపాలకు చిన్నప్పుడే చికిత్స మొదలుపెట్టే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపిస్తారు. ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాలను చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ.

రేపు థెరపిస్ట్ ఏ టైమ్‌కు వస్తారో నర్సమ్మను ఇప్పుడే కనుక్కోండి. పాలు పిండుకుని, అరగంట ముందే పాపను ఛాతీ మీద వేసుకుని కూర్చోండి. మీ మామయ్య గారిని లోపలికి రానిస్తే ఆయననూ తీసుకెళ్లండి, మనవరాలు వేలు పట్టి చప్పరించడం ఆయన కళ్లతో చూడనివ్వండి.

– నవజాత శిశు వైద్య నిపుణులు, హనుమకొండ